సిద్ధిరాములు మామ డ్రోన్ పరీక్ష

మా అమ్మ ఆఖరి తమ్ముడు సిద్ధిరాములు మామ. వయసు నలభై ఆరు. మస్కట్‌లో పదిహేడేళ్లు క్రేన్ నడిపి, ఈ మార్చిలో ఎల్లారెడ్డికి వచ్చేశాడు. మళ్లీ వెళ్లడం ఇష్టం లేదు. పొలాలకు మందు కొట్టే డ్రోన్ కొన్న ఒక రైతు సంఘం, దాన్ని నడిపే మనిషి కోసం చూస్తుంటే పేరిచ్చాడు. ముందుగా కంప్యూటర్ తెర మీద డ్రోన్ నడిపి చూపాలి. అందులో తప్పితే మళ్లీ మస్కట్ పోవడానికి నెలాఖరుకల్లా పాస్‌పోర్టు ఏజెంటుకు ఇచ్చేయాలి.

శిక్షణ మేముండే కామారెడ్డిలో. ఐదు రోజులూ మా ఇంట్లోనే ఉన్నాడు. మొదటి రోజు సాయంత్రం చెప్పులు విప్పుతూనే, డ్రోన్ ఏడుసార్లు కూలిందని చెప్పాడు. వేరే సంఘం నుంచి వచ్చి పక్కన కూర్చున్న అరవింద్ అనే ఇరవై ఏళ్ల పిల్లగాడు చాయ్ తాగేలోపు నేర్చేసుకున్నాడట.

మామకు అది మామూలు ఓటమి కాదు. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర వీడియో గేముల గదిలో విమానం ఆట చివరి దాకా ఆడింది ఆయనొక్కడే. కొత్తవాళ్లు వస్తే, ఆట ఎట్లా ఉంటుందో చూపించడానికి ఓనరు మామనే కూర్చోబెట్టేవాడట. క్రేన్ పనికి తీసుకున్నప్పుడూ చేతుల ఒడుపు చూసి మెచ్చుకున్నారని చెప్పేవాడు.

“వేళ్లు మొద్దుబారినయి బిడ్డా,” అన్నాడు నాతో.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మాట వినగానే నమ్మే అలవాటు లేదు. స్కేలు తెచ్చి, పైనుంచి వదిలి, పట్టుకోమన్నాను. పదిసార్లు సగటు తీస్తే మామ పదిహేడు సెంటీమీటర్ల దగ్గర పట్టాడు. మా అమ్మాయి సుష్మితకు తొమ్మిదేళ్లు. ఫోను ఆటల్లో క్లాసంతా దానికి భయపడుతుంది. అది ఇరవై రెండు దగ్గర పట్టింది. స్కేలు ఎంత తక్కువ జారితే చేయి అంత చురుకు. అంటే తేడా వేళ్లలో లేదు. మరి ఎక్కడుంది?

మామ వస్తూ సుష్మిత కోసం పాత వీడియో గేములుండే చిన్న పెట్టె తెచ్చాడు. మరుసటి సాయంత్రం దాన్ని టీవీకి పెట్టి, అందులో ఉన్న ఆ పాత విమానం ఆటే ఇద్దరితో ఆడించాను. రోజుకు అరగంటే తెర అని నేను పెట్టిన నియమం ఆ రోజు పక్కకు పోయింది. సుష్మిత కళ్లద్దాల నంబరు గుర్తొచ్చి, నిమిషానికోసారి గడియారం చూసుకుంటూనే ఉన్నాను.

సుష్మిత మూడో దశ దాటలేకపోయింది. చచ్చిన ప్రతిసారీ మొదటికి రావడం దానికి అర్థం కాలేదు. ఎక్కడ ఆగితే అక్కడి నుంచే మొదలు కావాలి కదా అని నన్ను నిలదీసింది. మామ మాత్రం శత్రు విమానాలు తెర మీదికి రాకముందే పక్కకు జరిగేవాడు. ఎడమ నుంచి మూడొస్తాయని ముందే చెప్పేవాడు. మూడే వచ్చేవి. ముప్పై ఏళ్ల కింద కంఠతా పట్టింది చెక్కు చెదరలేదు. మా పిల్ల ఆటల్లో ఏదీ రెండుసార్లు ఒకేలా రాదు. అందుకని అది గుర్తుపెట్టుకోదు, చూస్తుందంతే.

తర్వాత నా ల్యాప్‌టాప్‌కు రిమోటు తగిలించి, శిక్షణవాళ్లిచ్చిన డ్రోన్ ఆట తెరిచాం. డ్రోన్ అవతలికి పోయినంతసేపు మామ బాగానే నడిపాడు. అది మలుపు తిరిగి మన వైపుకి రాగానే ఎడమకు అనుకున్నది కుడికి పోయి చెట్టుకు కొట్టుకుంది. అప్పుడు తట్టింది నాకు. ఆయన ఆడిన ఆటల్లో తెర కదలదు. ఎడమ అంటే ఎప్పుడూ తెర ఎడమే. డ్రోన్‌కు దాని ఎడమ దానికుంటుంది. నోటుబుక్కులో బాణాలు గీసి అరగంట వివరించాను. మామ శ్రద్ధగా తలూపి, మళ్లీ అదే చెట్టుకు కొట్టాడు.

సుష్మిత రిమోటు లాక్కుని చకచకా తిప్పి తెచ్చింది.

“నువ్వు బయట నిలబడి చూస్తున్నవ్ తాతా. అండ్ల కూసోవాలె.”

“అండ్ల కూసుంటె నాకు కండ్లు తిరుగుతయే.”

“క్రేన్ల కూసున్నప్పుడు తిరిగినయా మరి?”

క్రేన్ తిరిగితే కేబినూ తిరుగుతుంది, లోపలి మనిషీ తిరుగుతాడు. మామ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. డ్రోన్ తిరిగిన కొద్దీ తానూ తిరిగాడు. అది మన వైపుకి వచ్చేసరికి ఆయన వీపు తెరకుంది, మెడ మాత్రం వెనక్కి తిప్పి చూస్తున్నాడు. సుష్మిత పడీ పడీ నవ్వింది. డ్రోన్ చెట్టు పక్కనుంచి వచ్చి దిగింది.

పరీక్ష రెండో శనివారం. సెలవు కనుక మేమిద్దరం వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాం. అరవింద్ మూడు నిమిషాల్లో ముగించాడు. మామ నిలబడే నడుపుతానని అడిగాడు. సగం చుట్టు అయ్యేసరికి గది అంతా నవ్వులు.

“ఏందన్నా, తెరకు వీపు జూపెడుతున్నవ్?” అన్నాడు పరీక్ష పెట్టే ఆయన.

“నేను అండ్ల కూసున్న సార్. ఇప్పుడు దింపకుండ్రి.”

ఆయన కాగితాలు తిరగేశాడు. కళ్లు డ్రోన్ మీదనే ఉండాలని ఉంది, మనిషి ఎటు తిరిగి నిలబడాలో ఎక్కడా లేదు. మామకు ఏడు నిమిషాలు పట్టింది. ఒక్కసారీ కూలలేదు. పాసైనట్టు ఆయన కాగితం మీద సంతకం పెట్టాడు.

అరవింద్ వచ్చి, నేను కూడా అట్ల తిరిగి చూడనా అని మామనడిగి రిమోటు పట్టుకున్నాడు. రెండో మలుపులోనే తడబడ్డాడు. ఎందుకో నాకింకా తేలలేదు. స్కేలు పట్టుకుని అతని దగ్గరికి వెళ్లాలనిపించింది కానీ సుష్మిత ఆకలంటోంది.

బయట మెట్ల మీద మామ ఏజెంటుకు ఫోను చేశాడు. పాస్‌పోర్టు ఇయ్యనని, ఇక్కడనే పని దొరికిందని చెప్పాడు. అవతల ఏమడిగారో, “మెడ కొంచెం నొస్తది, అంతే,” అన్నాడు.