తినేసిన సాక్ష్యం

మొన్న మా మేనల్లుడు, వాడూ మిలటరీలోనే ఉన్నాడు లెండి, ఆసుపత్రి మంచం మీదున్న మామగారిని సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి పంపి, పది నిమిషాల్లో సెలవు పొడిగించుకున్నాడు. సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్ళు మండింది. ఎనభైల్లో అలాంటి సెలవు కోసమే నా ఉద్యోగం ఊడింది మరి.

అప్పట్లో నేను ఉత్తరాదిన సిపాయిని. నాన్న నూజివీడు దగ్గర ఒక ఆసామి మామిడితోటలో కూలి. మాకంటూ ఒక్క చెట్టు లేదు. నేను సెలవు మీద ఇంట్లో ఉండగానే నాన్న కాయలు కోస్తూ కొమ్మ మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టిన నాటువైద్యుడు కాగితాలిచ్చే మనిషి కాదు. సెలవు పొడిగించమని టెలిగ్రాం కొట్టి, జవాబు రాకపోయినా పన్నెండు రోజులు ఎక్కువ ఉండిపోయాను. బయల్దేరేటప్పుడు, ఆసామి జాలిపడి పంపిన రసాలను అమ్మ వరిగడ్డి పరిచి బుట్టలో సర్దింది. "నూజివీడోడివై ఉండి వట్టి చేతుల్తో ఎట్టా పోతావురా, మీవాళ్ళేమనుకుంటారు?" అంది. మా వైపు అదో జబ్బు, ఇల్లు ఏ స్థితిలో ఉన్నా కాయలు మోయాల్సిందే.

దారిలో కాయలు మగ్గాయి. బారక్‌లో బుట్ట విప్పగానే ముందు చెయ్యి పెట్టింది చింతలపూడి వైపు హవల్దారు, మన తెలుగువాడే. మోచేతుల దాకా రసం కార్చుకుంటూ నాలుగు తిన్నాడు. వారం తిరక్కుండా నా మీద విచారణ పెడితే, ఆ పెద్దమనిషే సాక్షి!

ఆ కోర్టులో ప్లీడర్లుండరు, మా కమాండింగ్ ఆఫీసరే జడ్జి. టెలిగ్రాం రశీదు చూపిస్తే, అది పంపినట్టు రుజువే గానీ, అందులో ఉన్నది నిజమని రుజువు కాదన్నాడు. సరే, రూలు రూలే. మరి ఇది రసాల కోత కాలమనీ, వీడు సొంత తోట కోయించుకోవడానికే ఆగి ఉంటాడనీ హవల్దారు ఊహించి చెబితే అది సాక్ష్యమెలా అయింది? ఆ ప్రాంతం వాడు కాబట్టి అతనికి తెలుస్తుందట! సాక్షిని ప్రశ్నలు అడగమంటే, "మా తోట మీరెప్పుడన్నా చూశారా అండీ?" అని అడిగాను. "తోట లేకపోతే బుట్టెడు కాయలు ఎక్కడియ్యి?" అన్నాడు, సిగ్గూ శరమూ లేకుండా. ఆసామి ఇచ్చాడంటే సాక్షి ఎవరన్నారు. మంచానపడ్డ నాన్నను భుజాన వేసుకురానా? డిస్మిస్ చేసి పంపేశారు. ఆ హవల్దారు ఇప్పుడు ఎదురుపడినా క్షమించను.

ఉద్యోగం నేనే మానుకున్నానని ఇంట్లో చెప్పాను. నాన్న మళ్ళీ లేవలేదు, ఏమీ అడగనూ లేదు. అమ్మ మాత్రం, "కాయలు తియ్యగా ఉన్నాయన్నారా?" అంది. ఒక్కటీ మిగల్చలేదమ్మా అన్నాను. ఎంత సంబరపడిందో పిచ్చిది!

ఇప్పుడు రసాలు అట్టపెట్టెల్లో లారీలెక్కి ఎక్కడికో పోతున్నాయి, తినేదెవరో సర్దేవాళ్ళకు అక్కర్లేదు. అమ్మ అలా కాదు, ముక్కూ మొహం తెలియకపోయినా బారక్‌లో వాళ్ళందరినీ నా వాళ్ళనుకుంది. ఆ కాయలు తిన్న వాళ్ళలో ఒక్కడూ నా తరఫున నోరు విప్పలేదని ఆవిడ పోయేదాకా చెప్పలేదు.