గీత లేని పులి

మన్ననూర్ దాటాక అడవిలో మా బస్సు టైరు పంక్చరైంది. టైరు మారుస్తుంటే, నేను రోడ్డు పక్క రాయి మీద కూర్చుని పులి బొమ్మ గీస్తున్నాను. నాతోపాటే బస్సు దిగిన ఒక పెద్దాయన తొంగిచూశాడు. అడవిలో పులి జాడలు చూడటం ఆయన పనట.

"సుట్టూ గీత గీసిన్రేంది సారూ? పులికి గీతుండదు."

నా పెన్సిల్‌ను పడుకోబెట్టి కాగితం మీద రుద్దాడు. ఎండుగడ్డి వచ్చింది. ఆ గడ్డి నీడల్లోనే చారలు వచ్చాయి.

"పులి ఏది?" అన్నాను.

"గట్లనే ఉంటది. మనం సూడకముందే అది మనల్ని సూస్తది."

నవ్వబోయాను. ఆయన రోడ్డవతలి గడ్డిలోకి చూసి, పెన్సిల్ నా చేతిలో పెట్టాడు.

"ఉర్కకున్రి. మెల్లగ లేసి బస్సెక్కున్రి," అన్నాడు గొంతు తగ్గించి.

మెల్లగా లేచి బస్సెక్కాను. కిటికీలోంచి ఎంత చూసినా గడ్డే కనబడింది.

ఆ కాగితం మా ఇంటి గోడకుంది. ఇప్పటికీ దానివైపు వీపు తిప్పి కూర్చోలేను.