మాస్టారి ఎడమ పాదం

లాండ్రీ వెనకగదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మేజోళ్ళు ఉతుకుతోంది ఆవిడ. పేరు పెట్టి పిలిచేవాళ్ళెవరూ లేరు. ఆవిడకన్నా పదేళ్ళు పెద్దవాడైన యజమానికి కూడా ఆవిడ మేజోళ్ళక్కే. చొక్కాలూ దుప్పట్లూ ముందుగదిలో యంత్రాలే ఉతికి పారేస్తాయి. ఉన్ని, పట్టు, సన్ననూలు మేజోళ్ళు మాత్రం వెనకగదికే రావాలి. వాటినీ యంత్రంలో పడేస్తే పోలేదా అని ఒకసారి యజమాని నోరు జారాడు. ఆవిడ చూసిన చూపుకి మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

చూడడానికి అదేమంత పని కాదు. నీళ్ళు మణికట్టుకి చల్లగానూ తగలకూడదు, వేడిగానూ తగలకూడదు. మేజోడు తిరగేసి, సబ్బునీళ్ళలో ముంచి, అరచేత్తో నొక్కి వదలాలి. రుద్దకూడదు, పిండకూడదు, క్లిప్పు పెట్టి వేలాడదీయకూడదు. చేరిన కొత్తలో చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయని ఒకసారి వేణ్ణీళ్ళు పోసేసింది. ఎవరో పెద్దమనిషి ఉన్ని మేజోళ్ళు బొమ్మకి తొడిగేంతై కూర్చున్నాయి. ఆయన వాటిని పైకెత్తి చూసి, "పర్లేదమ్మా, మనవడు పుట్టాక పనికొస్తాయి" అని నవ్వేసి వెళ్ళాడు. ఆయన నవ్వాడు గానీ ఈవిడకి వారం రోజులు తిండి సయించలేదు.

ఆవిడ భర్త వడ్రంగి. పెళ్ళాం ముఖం చూడలేక ఆ వారంలోనే ఒక ఉపాయం చేశాడు. తడి ఉన్ని దేని మీద ఆరితే దాని ఆకారమే పట్టుకుంటుంది కదా అని, మేజోళ్ళు ఆరేయడానికి మెత్తటి చెక్కతో పాదాలు చెక్కాడు. కాళ్ళు కాస్త వంకరగా ఉండే ఖాతాదారుల్ని కాగితం మీద నిలబెట్టి, పెన్సిలుతో గీసుకుని, ఎవరి పాదం వాళ్ళకే తయారుచేశాడు. మొత్తం పదిహేడు జతలు. ఆరిన మేజోడులోంచి చెక్కని లాగడానికి వీలుగా మడమ దగ్గర బొటనవేలు పట్టేంత గుంట తవ్వాడు. తవ్వినవాడు ఆవిడ వేలు కొలుచుకోవద్దూ? తన వేలి కొలతకే తవ్వాడు మహానుభావుడు. ఆవిడ వేలు అందులో వదులుగా తిరుగుతుంది. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. పాదాలు మాత్రం గోడకి వరసగా వేలాడుతూనే ఉన్నాయి.

వాటిలో ఒక జత సంగీతం మాస్టారిది. ఆయన ఎడమ కాలి బొటనవేలి మొదట్లో ఎముక పొడుచుకొచ్చి గోలీకాయంత బొడిపె ఉండేది. చెక్క పాదం వచ్చాకే ఆయనకి మేజోళ్ళు నొప్పి పెట్టడం మానాయి. సోమవారం తనే తెచ్చిచ్చి, గురువారం తనే వచ్చి పట్టుకెళ్ళేవాడు. పోయిన చలికాలం ఆయన చనిపోయాడు. ఆ కబురు విన్న తరవాతి సోమవారం, వెనకగది బుట్టలో ఆయన బూడిదరంగు మేజోళ్ళు ఉన్నాయి.

అవి అంతకుముందు విప్పినవై ఉంటాయని సర్దిచెప్పుకుని ఉతికింది. పై సోమవారం మళ్ళీ వచ్చాయి, మళ్ళీ మాసి. మూడో వారం వాటిని చేతిలోకి తీసుకోగానే ఆవిడ ఒళ్ళు జలదరించింది. పోయిన మనిషి ఎక్కడ నడుస్తున్నాడు? ఆ రోజునుంచీ గది తలుపు బార్లా తీసి పనిచేసేది. గోడవైపు వీపు పెట్టాలంటే భయం. పదిహేడు జతల పాదాలు వెనకనుంచి ఒక్క అడుగు వేస్తాయేమోనని చెవులు రిక్కించుకుని ఉండేది.

ఐదో వారం భయాన్ని దిగమింగి, మేజోడుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. మురికి వేళ్ళ కొసదాకా లేదు, రెండంగుళాల ఇవతలే ఆగిపోయింది. మాస్టారి మడమ బయటివైపు అరిగేది, ఇది లోపలివైపు పలచబడుతోంది. చిన్న పాదం, ఆడమనిషి పాదం. మాస్టారి భార్య ఆ మేజోళ్ళు వేసుకుని ఇంట్లో తిరుగుతోంది. మేజోళ్ళక్కకి భయం పోయి, దాని చోట దుఃఖం వచ్చింది.

ఆ గురువారం మాస్టారి భార్య కౌంటరు దగ్గర మేజోళ్ళు తీసుకుని, ఇంటికి వెళ్ళకుండా వెనకగది గుమ్మందాకా వచ్చింది. ఎడమ మేజోడు మీది ఉబ్బుని వేలితో తడుముతూనే ఉంది.

"ఒక్కమాట నిజం చెప్పమ్మా. ఆయన ఇక్కడికి వస్తున్నారు కదూ?"

"ఎవరండీ?"

"నేను వేసుకుంటే రెండ్రోజులకి ఈ బొడిపె అణిగిపోతుంది. గురువారం తీసుకెళ్తే మళ్ళీ ఉంటుంది. ఆయన కాలు పెట్టకుండా ఎలా వస్తుంది?" గొంతు తగ్గించింది. "పోయిన రోజు ఆయన పక్కగదిలోంచి పిలిచారు. నేను అలిగి ఉన్నాను, పలకలేదు. నన్ను ఒక్కసారి లోపల కూర్చోనివ్వు. పలకాలి."

మాస్టారు చెక్క పాదం సంగతి ఇంట్లో చెప్పనే లేదన్నమాట. తన బొడిపె అంటే ఆయనకి సిగ్గు. మేజోళ్ళక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "లోపలంతా తడండీ, జారిపడతారు" అని ఏదో అబద్ధమాడి పంపేసింది.

తరవాత మేజోళ్ళక్క ఒక తెలివైన పని చేశాననుకుంది. ఆ వారం మాస్టారి మేజోళ్ళని చెక్కకి తొడగకుండా తువ్వాలు మీద పరిచి ఆరబెట్టింది. ఉబ్బు లేకపోతే ఆ పిచ్చి భ్రమ దానంతటదే పోతుంది, తను నోరు విప్పక్కర్లేదని.

గురువారం మాస్టారి భార్య గుమ్మంలోనే మేజోడు తడిమింది. అటూ ఇటూ తిప్పి, మళ్ళీ తడిమింది.

"ఈ వారం రాలేదు. ఇంకా కోపం పోలేదన్నమాట."

ఎంత పని చేశాను అనుకుంటూ మేజోళ్ళక్క ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, మాస్టారి ఎడమ పాదం గోడ మీంచి తీసి ఒళ్ళో పెట్టింది.

"వచ్చింది ఆయన కాదండీ, ఇదీ. తప్పు నాదే, ముందే చెప్పాల్సింది."

మాస్టారి భార్య చెయ్యి చెక్క మీది బొడిపెని వెతికి పట్టుకుంది.

"కొయ్యముక్కనా నేను ఇన్నాళ్ళూ..." అంది చివరికి, కోపంగా. కానీ చెయ్యి మాత్రం బొడిపె మీంచి తీయలేదు. "అచ్చం ఆయనదే. ఎవరు చెక్కారు?"

"మా ఆయనండీ. పోయి తొమ్మిదేళ్ళయింది."

ఆమె గోడ మీది వరసంతా కలయజూసింది. "మరి మీ ఆయన పాదం ఏది?"

ఆ ప్రశ్న మేజోళ్ళక్కని తొమ్మిదేళ్ళలో ఎవరూ అడగలేదు. "లేదండీ. ఆయన మేజోళ్ళు వేసుకునే మనిషి కాదు. ఇంతమంది కాళ్ళు చెక్కాడు గానీ, తన కాలు గీసుకోవాలని ఆయనకీ తోచలేదు, నాకూ తోచలేదు."

అంటూ మాస్టారి భార్య బొటనవేలు పట్టుకుని మడమ దగ్గరి గుంటలో పెట్టింది. వేలు అందులో వదులుగా తిరిగింది.

"మా ఆయనది మిగిలింది ఇంతేనండీ. ఇది ఆయన వేలు."

ఆమె ఆ గుంట అంచుని వేలితో ఒక చుట్టు తడిమింది.

"మీ ఆయన పలుకుతాడా?" అంది మాస్టారి భార్య.

"పలకడండీ. చెక్క లాగినప్పుడల్లా నేనే ఏదో ఒకటి చెప్తుంటాను."

మేజోళ్ళక్క లేచి బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసింది. ముందుగదిలో యంత్రాలు అప్పుడే ఆగాయి. లోపలినుంచి, పక్కగదిలోకి వినపడేంత గట్టిగా, మాస్టారి భార్య గొంతు వినిపించింది.

"ఆఁ... పిలిచారా?"