చోరనూరు దారిలో కుట్టు వేసే సాలీడు

మా అమ్మాయి శారద బళ్లారి సత్యనారాయణపేటలో ఉంటుంది, బడిలో సైన్సు చెబుతుంది. పోయిన నెల కెమెరాకు మాక్రో లెన్సు కొనుక్కుంది. చీమ తలను గుమ్మడికాయంత చేసి చూపించే లెన్సు అది. "నాయనా, ఆదివారం చోరనూరు పక్క గుట్టలకు పోతాండా, వస్తావా?" అని ఫోన్ చేస్తే నా సంతోషం ఏమని రాయను. ఎన్నేళ్లకో నన్ను తోడు రమ్మంది. శనివారం మధ్యాహ్నమే మా ఊరు కురుగోడులో బస్సెక్కేశాను. ఆమె వెతికేది ఒక్కటే సాలీడు. తన చిన్నప్పుడు మా వరిమడి గట్టున ఉండేది. గూటి మధ్యలో తెల్లటి వంకర కుట్టు వేసి, కాళ్లు రెండేసి కలుపుకుని కూర్చునేది. "ఇది ఏందో రాస్తాండాది నాయనా" అని నా భుజం మీది నుంచి వంగి చూసేది శారద. ఏడో తరగతితో ఆగిపోయిన నాకు దాని పేరు తెలియదు. ఇప్పుడు మా గట్టున అది లేదు. బిడ్డ పక్కన నిలబడి ఇంకొక్కసారి దాన్ని చూడాలని నా ఆశ.

పొద్దున అయిదున్నర బస్సుకు బయలుదేరాం. కర్ణాటక బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు ఉచితం, నాకొక్కడికే తీసుకున్నాం. ఏడు దాటాక సండూరులో దిగి, ఇడ్లీ తిని, పోనూ రానూ ఏడు వందలకు ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవరు బసప్ప మంచి మాటకారి.

"యాడికప్పా, దేవస్థానకా?"

"లేదప్పా, సాలెపురుగు ఫోటో తీయాల," అన్నాను.

"అయ్యో, దానికి ఇంత దూరమా? మా మనెలో, ఇంటి మూలమూలకూ ఉండాయి. నా పెండ్లాం చీపురు పట్టకముందే రాండి."

శారద నవ్వుతుంటే ఆ నవ్వు వినడానికే ఇంత దూరం రావచ్చనిపించింది.

ఎనిమిదిన్నరకు చోరనూరు ఇవతల ఒక గుట్ట కింద దిగాం. పావుగంట వెతికాక తంగేడు చెట్ల మధ్య కనిపించింది. అదే సాలీడు, అదే కుట్టు. నా కళ్లు చెమ్మగిల్లాయి. కానీ మంచు ఆరిపోయింది, దారాలు కనబడటం లేదు. "మంచు చుక్కలుంటే ఎంత బాగుండు" అని శారద నిట్టూర్చింది. అందుకు నేను సిద్ధంగానే వచ్చాను. గూటిమీద నీళ్లు చల్లితే మంచులా ఉంటుందని ఆమే ఒకసారి చెప్పింది. సంచిలోంచి చేతి స్ప్రేయరు తీసి గూటికి గురిపెట్టాను.

"అప్పా, ఆగు," అన్నాడు బసప్ప. "మందు వాసన వస్తాండాది."

శారద తిరిగి చూసింది. "యాడిది నాయనా అది?"

"మన పొలందే. మూడుసార్లు కడిగినా."

"ఇన్నేండ్ల మందు మూడుసార్లకు పోతాదా?"

నాకు వాసనే తెలియలేదు. ఏళ్ల తరబడి అదే వాసన పీల్చిన ముక్కు ఇది. శారద ఎనిమిదో తరగతిలో ఉండగా వరికి సుడిదోమ పురుగు పట్టిందని మడంతా, గట్లతో సహా, మందు కొట్టింది కూడా నేనే. ఆ వారం శారద గట్టుకొచ్చి, ఖాళీ గూళ్లు చూసి, ఇంటికి పోయింది. మళ్లీ నాతో పొలానికి రాలేదు. స్ప్రేయరు తీసుకెళ్లి ఆటోలో పెట్టి వచ్చాను.

"ఆ రోజు గట్లు వదిలేసుంటే బాగుండు పాపా," అన్నాను.

ఆమె కాసేపు లెన్సు తుడుచుకుంది. "టవల్ అడ్డం పట్టుకో నాయనా. గాలికి గూడు ఊగుతాండాది."

పట్టుకున్నాను. ఆమె జానెడు దూరంలో మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి నొక్కింది. ఎండకు ఎదురుగా తీస్తే, మంచు లేకుండానే దారాలు వెండితీగల్లా మెరిశాయి. కెమెరా తెరమీద ఎనిమిది కళ్లూ లెక్కపెట్టి చూపించింది. నా జన్మకు ఇది చాలనుకున్నాను.

కానీ చాలలేదు. ఇంటికొచ్చాక కాలువ పక్క గట్టుకు మందు కొట్టడం మానేశాను. రోజూ పొద్దున్నే పోయి, గడ్డి మధ్య వంగి చూసి వస్తున్నాను. ఇంకా ఏమీ రాలేదు. తెల్లటి కుట్టు కనబడిన రోజు శారదకు ఫోన్ చేస్తాను. ఈసారి పిలిచేది నేను.

మీరు వెళ్తే ఏడులోపే గుట్ట దగ్గరుండండి, మంచు దానంతటదే ఉంటుంది. నీళ్లు చల్లాల్సివస్తే కొత్త సీసా కొనుక్కోండి. పొలం స్ప్రేయరు ఎంత కడిగినా దాన్ని నమ్మకండి.