గుంటూరులో ఎవరూ పట్టించుకోని దగ్గు

తెల్లవారుజామున ఐదున్నరకు మా మూడు ట్రక్కులు గుంటూరులోకి వచ్చాయి. తుపాను ముందురోజే తీరం దాటింది. వాన మాత్రం వదల్లేదు. ముప్పై ఇద్దరం జవాన్లం. పారలు, గునపాలు, తాళ్లు, రెండు రబ్బరు పడవలు, ఒక వైర్‌లెస్ సెట్టు. దళంలో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. మాది మార్టూరు పక్కన పల్లె, చదువు గుంటూరులో. అందుకే హవల్దారు నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని ఊరి గురించి చెప్పమన్నాడు. ఆయనది పంజాబు.

నేను గొప్పగా మొదలుపెట్టాను. పాత గుంటూరు మసీదు, తెల్లవాళ్లు కట్టిన చర్చి, పొగాకు గోదాములు, కాలేజీలు, మిరపకాయల వ్యాపారం. ఊళ్లోని మస్తాన్ దర్గాకు మొక్కుకుని కన్న బిడ్డకు హిందువులు కూడా మస్తాన్ అని, మస్తాన్ రావు అని పేరు పెడతారన్నాను.

"అయితే మస్తాన్ రావు ఎవరు? హిందువా, ముసల్మానా?"

"గుంటూరు వాడు, సాబ్."

ఆయన పగలబడి నవ్వాడు. ఆ రోజుకి అదే ఆఖరి నవ్వు.

పదకొండుకు వాన ఆగింది. పదకొండూ నలభైకి పెదకాకాని వైపు ఊరి చివర ఒక మిరపకాయల షెడ్డు దగ్గరికి చేరాం. రేకులు కూలి బస్తాల మీద పడ్డాయి. ఒక నడివయసు ఆవిడ మాకు ఎదురొచ్చింది.

"అయ్యా, మా ఆయన బస్తాలు మోసే ముఠాలో పనిచేస్తాడు. మస్తాన్ రావంటారు. నిన్న సాయంత్రం బస్తాల మీద పట్టాలు కప్పడానికొచ్చాడు. ఇంటికి రాలా."

షెడ్డు గుమాస్తా అడ్డుపడ్డాడు. "నేను తాళం వేసేప్పటికి లోపలెవరూ లేరండి. పెదకాకానిలో వాళ్లక్క ఇంటికి పోయుంటాడు."

షెడ్డు చుట్టూ ఒకసారి తిరిగి చూశాం. అంతలో వైర్‌లెస్ మోగింది. "కాలవ కట్ట దగ్గర ఇరవై మంది ఇంటికప్పు మీదున్నారు. నీళ్లు పెరుగుతున్నాయి. ఎంతసేపట్లో వస్తారు?"

హవల్దారు చెయ్యెత్తాడు. "ఆగండి. లోపల ఎవరో దగ్గుతున్నారు."

అక్కడున్నవాళ్లంతా దగ్గుతూనే ఉన్నారు. గుమాస్తా, ఆవిడ, చుట్టూ చేరిన కూలీలు, కళ్లు తుడుచుకుంటూ మా వైర్‌లెస్ జవాను.

"సాబ్, మిరపకాయల దగ్గర అందరూ దగ్గుతారు," అన్నాను. "కాయ తడిస్తే ఘాటు ఇంకా ఎక్కువ."

చిన్నప్పట్నించీ ఆ దగ్గు వింటున్నవాణ్ణి. నా చెవికి అది గాలి చప్పుడు కింద లెక్క. ఆయన నా మొహంలోకి చూసి, "నువ్వు ఇక్కడివాడివి. నీకే తెలుస్తుంది," అన్నాడు.

"ఒక్కసారి ఆ బస్తాలు తీయించండి బాబూ," అని ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. వస్తామమ్మా అని చెప్పి ట్రక్కెక్కాను.

కాలవ దగ్గర ఇరవై మందినీ దించాం. తిరిగొచ్చేసరికి రెండూ యాభై. ఆవిడ ఒక్కతే బస్తాలు లాగుతోంది. మోచేతుల దాకా చేతులు ఎర్రగా వాచి ఉన్నాయి. లోపల్నించి చప్పుడు లేదు. పార అందుకుని దిగాను. పిచ్చివాడిలా తవ్వాను.

నాలుగుంబావుకు దొరికాడు. దూలం కింద కాళ్లు ఇరుక్కుని, వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఊపిరి లేదు, ఒళ్లు మాత్రం ఇంకా చల్లబడలేదు.

హవల్దారు నలుగురితో దూలం ఎత్తించాడు. శవాన్ని బయటికి తెచ్చాం. ఆవిడ తన భర్త తల ఒళ్లో పెట్టుకుని నన్నడిగింది. "ఆ ఇరవై మందీ బతికారా బాబూ?"

బతికారమ్మా అన్నాను. ఆవిడ తలూపింది. ఆ తలూపడం కన్నా చెప్పుతో కొట్టినా భరించేవాణ్ణి.

ఇంకో ఎనిమిది రోజులు అక్కడే పనిచేశాం. మసీదులో వండిన అన్నం చర్చి బడిలో తిని, గుడి వసారాలో పడుకున్నాం. తొమ్మిదో రోజు పొద్దున ట్రక్కులెక్కి వెళ్లిపోయాం. ఇప్పుడు రిటైరై మా పల్లెలోనే ఉంటున్నాను. మిలటరీలో ఏం చూశావు మావా అని కుర్రాళ్లు అడుగుతారు. సరిహద్దు కబుర్లు చెప్పి పంపిస్తాను. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం శవాన్ని ట్రక్కులో పెట్టాక నేను షెడ్డు వెనక్కి వెళ్లాను. గోడలో ఒక ఇటుక ఊడిన సందు ఉంది. దాని కింద మెరక మీద మిరపకాయల కుప్ప, మోకాలెత్తున. లోపల్నించి మస్తాన్ రావు చిరిగిన బస్తాలోంచి ఒక్కో కాయా తీసి బయటికి తోశాడు. అడుగున కాయలు వానకు తడిసి ఉన్నాయి. పైన కాయలు పొడిగా ఉన్నాయి. కుప్ప అంచున నలిగిన కాయల మీద, పొద్దున చుట్టూ తిరిగినప్పటి మా బూట్ల అచ్చులున్నాయి.