గడువు ఉన్న ఇల్లు

మా గల్లీ చివర ఒక సర్కారు బడి ఉండేది. పిల్లలు తగ్గిపోయాక దాన్ని గౌలిపుర వైపు ఉన్న పెద్ద బడిలో కలిపేశారు. గేటుకు తాళం పడింది. కానీ పక్కగోడ కూలి ఉండడంతో ఆవరణ మాత్రం గల్లీ మొత్తానిదైపోయింది. బోనాలకు రంగు కాగితాల తొట్టెలు అక్కడే కట్టేవాళ్లు. పెళ్లి వంటలు అక్కడే. ఎండాకాలం మేం మిరపకాయలు ఆరబోసేదీ అక్కడే.

ఒకరోజు పొద్దున ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని ఆ బడి గోడలు కొలుస్తూ కనిపించారు. ఎవరు పంపారని అడిగితే "మీదికెళ్లి ఆర్డరొచ్చింది" అన్నారు తప్ప ఇంకో మాట చెప్పలేదు. మా ఛత్రినాకలో అనుమానం పుట్టడానికి ఆ మాత్రం చాలు. మధ్యాహ్నానికల్లా ఆ జాగా ఎవరో పెద్దమనిషి పేరు మీదికి మారిపోయిందనీ, అక్కడ అపార్ట్‌మెంటు లేస్తుందనీ అందరికీ తెలిసిపోయింది.

తీరా అసలు సంగతి వేరు. ఫౌజులో పనిచేసి వచ్చి, ఉండటానికి ఇల్లు లేక రోడ్డు మీద పడ్డవాళ్ల కోసం ఆ బడిని బాగుచేస్తారట. రిటైరైన ఆఫీసర్లు కొందరు కలిసి పెట్టుకున్న ట్రస్టు నడుపుతుందట, సర్కారు కొంత భరిస్తుందట. కిరాయి నామమాత్రం. ఏదో ఒక పని దొరికి తమ కాళ్ల మీద నిలబడేదాకా ఏడాదిన్నర ఉండొచ్చు, ఆ తరువాత ఖాళీ చేయాలి.

ఇది తెలిశాక అనుమానం తగ్గలేదు, ఇంకా పెరిగింది.

"మిలిట్రీ వాళ్లకు పింఛను వస్తది, దవాఖాన ఉంటది, క్యాంటీన్‌ల సామాన్లు సస్తా దొరుకుతయి. అన్ని ఉండి ఇల్లు లేదంటే వాడు ఏదో ఒకటి చేసినోడే ఉంటడు," అంది ఎదురింటి కిరాణా దుకాణం ఆమె.

మా పక్కింట్లో జరీ పని చేసే ముసలాయన ఉంటాడు. గల్లీ అంతా ఆయన్ని చాచా అనే పిలుస్తుంది. ఆయన గొంతు తగ్గించి నాతో అన్నాడు: "బేటీ, ఇల్లు లేనోళ్లను తెస్తున్నరో, మా ఇండ్ల మీద నిగా పెట్టేటోళ్లను తెస్తున్నరో, కిస్‌కో మాలూమ్?"

నాకూ నమ్మకం లేదు. నేను ఆర్టీసీలో కండక్టర్ని. ఎవరు టికెట్ తీశారు, ఎవరు కిటికీలోంచి చూస్తూ తప్పించుకుంటున్నారు అని మొహాలు చూసి కనిపెట్టడమే నా పని. చాలా ఏళ్లు ఆ పని చేస్తే ఇంటికి వచ్చాక కూడా కళ్లు ఊరుకోవు.

అందరూ మా మామ ఏమంటాడా అని చూశారు. మామ మా అమ్మకు తమ్ముడు, ఫౌజులో చేసినవాడు. అమ్మ బతికుండగా ఒక మధ్యాహ్నం రేకు పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నాగపూర్‌లో ఏదో కంపెనీలో సెక్యూరిటీ నౌకరీ చేశాననీ, ఇక సొంత ఊళ్లో ఉందామని వచ్చాననీ చెప్పాడు. అమ్మ ఇంకేమీ అడగకుండా మేడ మీది రూము ఇచ్చింది. అమ్మ పోయాక కూడా ఆయన అక్కడే ఉన్నాడు. పెళ్లి చేసుకోలేదు. పొద్దున్నే లేచి పాలు తెస్తాడు, నల్లా వచ్చిన రోజు మోటారు వేస్తాడు, తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకుంటాడు. గల్లీకి ఆయన ఫౌజీ మామ.

అందుకే ఆయన ఆ ఇంటి తరఫున మాట్లాడతాడనే అనుకున్నాం. కిరాణా దుకాణం ముందు నలుగురూ నిలబెట్టి అడిగితే, మామ ఒకటే మాట అన్నాడు.

"వద్దు. గా ఇల్లు వద్దు."

గల్లీ వాళ్లకు అంతకంటే కావలసింది ఏముంది? ఫౌజీయే వద్దంటున్నాడని ఆ సాయంత్రానికే ఊరంతా పాకింది. నాకు మాత్రం మనసులో ఏదో గుచ్చుకుంది. తనలాంటి వాళ్లకు నీడ దొరుకుతుంటే ఆయన ఎందుకు అడ్డం పడాలి?

ఒక ఆదివారం ట్రస్టు తరఫున రిటైరైన ఆఫీసరు ఒకాయన వచ్చాడు. బడి ఆవరణలో కుర్చీలు వేశారు. ఆయన తెలుగులో, మధ్యమధ్య ఇంగ్లీషులో ఓపికగానే చెప్పాడు. పదిహేనేళ్ల సర్వీసు నిండకముందే బయటికి వచ్చిన సిపాయిలకు పింఛను ఉండదనీ, కొందరి సంసారాలు చెడిపోయాయనీ, కొందరికి మనసు బాగాలేదనీ అన్నాడు. తాగి వస్తే లోపలికి రానిచ్చేది లేదన్నాడు. బోనాలకు ఆవరణ ఎప్పటిలాగే వాడుకోవచ్చన్నాడు.

మామ వెనక వరసలోంచి లేచాడు. "సాబ్, ఏడాదిన్నర అయినంక?"

"అప్పటికి వాళ్లు సెటిల్ అవుతారు. అదే కదా మన ఉద్దేశం."

"కాకపోతే?"

"ప్రతి కేసూ విడిగా చూస్తాం."

"చూసి ఏం చేస్తరు? గడువు అయిన రోజు పొద్దున మనిషి మంచం మీదనే కూసోని ఉన్నడనుకోండి. పెట్టె సదురుకోలేదు. పోనంటున్నడు. ఎవలు పోయి లేపుతరు? మీరు లేపుతరా?"

ఆఫీసరు చేతిలో కాగితాలు తిరగేశాడు. గల్లీ వాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్లు వద్దన్న కారణం వేరు, మామ అడిగింది వేరు. ఆ తేడా ఎవరికీ పట్టలేదు. నేను మాత్రం మామ మొహమే చూస్తున్నాను. చూడనిదాన్ని ఎవరైనా అంత వివరంగా అడుగుతారా అనిపించింది.

అప్పటినుంచి మామ మీద ఒక కన్నేసి ఉంచాను. ఆయన కొన్నాళ్లుగా అన్నం తినగానే గుడ్డసంచి భుజాన వేసుకుని బయటికి పోతున్నాడు. అడిగితే "లైబ్రరీకి" అంటాడు. లైబ్రరీకి సంచి ఎందుకు? తాగుడు మొదలుపెట్టాడేమో అనుకున్నాను. ఎక్కడైనా ఇంకో సంసారం ఉందేమో అని కూడా అనుకున్నాను. మా ఆయన నవ్వి, "గీ వయసుల గాయనకు సంసారమేంది? నీకు అందరూ టికెట్ తీయనోళ్ల లెక్కనే కనిపిస్తరు," అన్నాడు.

ఒక మధ్యాహ్నం మా బస్సు అఫ్జల్‌గంజ్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగింది. మూసీ వైపు గోడ పక్కన, చెట్టు నీడలో మామ కనిపించాడు. మోకాళ్ల మీద కూర్చుని, గోడకు ఆనుకున్న ఒక మనిషి గడ్డం ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో రేజరు నడుపుతున్నాడు. పక్కనే, మా ఇంట్లోంచి పోయిందని నేను వెతుకుతున్న స్టీలు మగ్గు. బస్సు కదిలింది. డ్యూటీ దిగగానే మళ్లీ అక్కడికే వచ్చాను.

ఇద్దరూ ఇంకా అక్కడే ఉన్నారు. ఆ మనిషి మామ కంటే చిన్నవాడు, చేతులు వణుకుతున్నాయి. చాయ్ కప్పును రెండు చేతులతో పట్టుకున్నాడు. నన్ను చూసి మామ లేవలేదు, దాచే ప్రయత్నమూ చేయలేదు.

"కూసో బిడ్డా," అన్నాడు. "వీడు మా రెజిమెంటే. నాయినకు బీమారి అని నౌకరీ ఇడిసిపెట్టి వచ్చిండు. నాయిన పోయిండు. ఇల్లు అన్నదమ్ములు తీస్కున్నరు."

"మరి గా బడిల ఇల్లు గీయనసొంటోళ్ల కోసమే కదా మామా! నువ్వెందుకు వద్దంటున్నవ్?"

మామ రేజరు తుడిచి సంచిలో పెట్టాడు. తరువాత అన్నాడు: "నాగపూర్‌ల నాకు నౌకరీ గట్లనేం లేకుండె. గిసొంటి ఇల్లే ఒకటి ఉండె అక్కడ, ఫౌజోళ్లకని. అండ్ల ఉన్న. మంచిగనే చూసిన్రు, చెడ్డగ అననీకి లేదు. మంచం, రోటీ, తాళం పెట్టుకోనీకి డబ్బా. గడువు దగ్గర పడుతుంటే అన్నం లోపలికి పోకపోయేది. ఆఖరి పొద్దున చాయ్ తాపిన్రు, సెల్యూట్ చేసిన్రు, గేటు తీసిన్రు. మొదటిసారి ఇల్లు లేనప్పుడు ఎట్లనో తిరిగిన. మంచం మీద పండుడు అలవాటైనంక మల్ల ఫుట్‌పాత్ మీదికి వస్తే... అది వేరే ఉంటది బిడ్డా. పట్నమొచ్చి గీడనే, గీ గోడ పక్కనే ఉన్న. ఎండలకు తట్టుకోలేక మీ అమ్మ దగ్గరికి వచ్చిన."

అమ్మకు ఈ సంగతి తెలుసా అని అడగాలనుకున్నాను. ఇంతలో ఆ మనిషి తల ఎత్తాడు.

"అన్నకు వద్దు, అక్కా. నాకు కావాలె. వానలు వస్తున్నయి. గడువు సంగతి గడువు నాడు చూస్కుంట. గల్లీ వాళ్లకు జర చెప్పున్రి."

మామ ఆయన వైపు చూడకుండా మగ్గులో నీళ్లు పారబోశాడు. వాళ్లిద్దరి మధ్యా ఈ మాట అంతకుముందు చాలాసార్లు నడిచినట్టే ఉంది.

ఇంటికి వచ్చాక మామ రూములోకి వెళ్లాను. ఇన్నేళ్లలో నేను పట్టించుకోనిది అప్పుడు కనిపించింది. గోడకు మేకులున్నాయి, ఒక్క చొక్కా కూడా తగిలించి లేదు. బట్టలన్నీ మడతపెట్టి రేకు పెట్టెలోనే ఉన్నాయి, పోవడానికి సిద్ధంగా ఉన్నట్టు.

"నా రూముకు ఎంత గడువున్నది బిడ్డా?" అని గుమ్మంలోంచి అడిగాడు మామ. కోపంగా కాదు, బస్సు ఎప్పుడొస్తదని అడిగినట్టు. "మొన్న మీ ఆయన ఫోన్‌ల మీది రూము కిరాయికిస్తే ఎట్లుంటదని అంటుంటే ఇన్న."

నేను కిందికి దిగి మా ఆయన్ని అడిగాను. ఆయన బిత్తరపోయాడు. తన ఆఫీసు దోస్తు ఇంటి గురించి మాట్లాడానన్నాడు. ఇద్దరం పైకి వెళ్లాం.

"నువ్వు పోతే నల్లా నాడు మోటరెవలు ఏస్తరు మామా? నాకు లేవనీకి అయితదా?" అన్నాడు మా ఆయన.

మామ నవ్వాడు. నమ్మాడని మాత్రం నాకు అనిపించలేదు. నిజం చెప్పాలంటే దోస్తు ఇల్లు అన్న మాట నేనూ పూర్తిగా నమ్మలేదు. ఇప్పటికీ నమ్మలేదు.

ఆ వారం నేను కిరాణా దుకాణం ఆమెతో మాట్లాడాను, చాచాతో మాట్లాడాను. మామ సంగతి చెప్పలేదు. అఫ్జల్‌గంజ్‌లో చూసిన మనిషి గురించి మాత్రం చెప్పాను. చాచా విని, "ఏక్ దో కో రఖ్‌కే దేఖో పహలే," అన్నాడు, ముందు ఒకరిద్దరిని పెట్టి చూడమని. లొల్లి చాలా రోజులు నడిచింది. చివరికి గేటును వెనక వీధి వైపు పెట్టాలనీ, మొదట కొద్దిమందినే తీసుకోవాలనీ ఒప్పందమైంది. వానలు ముదరకముందే ఇల్లు తెరిచారు. మామ దోస్తుకు కిటికీ పక్కన మంచం దొరికింది.

గల్లీ కళ్లు మాత్రం మూసుకోలేదు. ఒకరోజు మా గల్లీ కుర్రాడి మోటార్ సైకిలు కనపడలేదు. అందరి వేళ్లూ ఆ ఇంటి వైపే లేచాయి. పదిమంది గేటు దగ్గరికి పోయి అరిచారు. లోపలి వాళ్లు బయటికి వచ్చి, ఎవరూ చెప్పకుండానే వరసగా నిలబడ్డారు. తరువాత తేలిందేమిటంటే, కిస్తీలు కట్టలేదని ఫైనాన్స్ వాళ్లే బండి ఎత్తుకుపోయారు. పరువు పోతుందని ఆ కుర్రాడు నోరు విప్పలేదు. ఎవరూ ఆ గేటు దగ్గరికి పోయి తప్పయిందని చెప్పలేదు. చాచా మాత్రం రంజాన్‌లో హలీం గిన్నె పంపాడు.

మామ రోజూ అక్కడికి పోయేవాడు. దోస్తు కోలుకున్నాడు. చేతుల వణుకు తగ్గింది, ఒక గోదాములో పగటి కాపలా పని దొరికింది. కానీ ఆ జీతానికి ఎక్కడా రూము రాలేదు. ఒంటరి మగమనిషి అనగానే ఇంటి ఓనర్లు తలుపులు వేసుకున్నారు. గడువు దగ్గర పడేకొద్దీ ఆయన మళ్లీ చాయ్ కప్పును రెండు చేతులతో పట్టుకోవడం చూశాను. మామ ఆఫీసరును కలిసి గడువు పెంచమన్నాడు. "చూస్తున్నాం, నిర్ణయం వస్తుంది" అన్నాడాయన.

గడువు ఇంకా నెల ఉండగానే ఒక పొద్దున ఆ మంచం ఖాళీగా ఉంది. దుప్పటి నలుచదరంగా మడిచి పెట్టి ఉంది.

మామ గేటు దగ్గర ఆఫీసరును పట్టుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఎవలన్న ఏమన్న అన్నరా?"

"ఎవరూ ఏమీ అనలేదు. తనంతట తనే వెళ్లిపోయాడు. మేం పొడిగించబోతున్నాం కూడా."

"గా సంగతి వాడికి చెప్పిన్రా?"

"చెప్పేలోపే వెళ్లిపోయాడు," అన్నాడు ఆఫీసరు.

ఆయన చెప్పింది నిజమో కాదో నాకు తెలియదు. మంచివాడిలాగే ఉంటాడు. మామ ఆ తరువాత కొన్ని నెలలు అఫ్జల్‌గంజ్, ఇమ్లీబన్ బస్టాండు, స్టేషన్లు అన్నీ తిరిగాడు. కాటేదాన్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర చూశామని ఎవరో చెబితే పోయి చూశాడు, అతను వేరే మనిషి. నేనూ మూసీ బ్రిడ్జి మీద బస్సు ఆగిన ప్రతిసారీ ఆ గోడ వైపు చూస్తాను. మామ దోస్తు జాడ ఇప్పటికీ లేదు.

ఇల్లు నడుస్తోంది. కొందరు నిజంగానే నిలదొక్కుకుని పోయారు, ఒకతను పెళ్లి కూడా చేసుకున్నాడు. ఈ మధ్య వచ్చిన కొత్త ఆఫీసరు, గడువు గట్టిగా పట్టించుకోవడం లేదని అంటాడు. కానీ ఆ నియమం తీసేసినట్టు ఎవరూ చెప్పలేదు. అందుకని ఎవరికైనా గడువు దగ్గర పడిందని తెలిస్తే మామ పొద్దున్నే పోయి ఆ గేటు దగ్గర కూర్చుంటున్నాడు. చాచా తన ఇంట్లోంచి కుర్చీ పంపిస్తాడు.

"మా మీద నమ్మకం లేదా అంకుల్?" అని కొత్త ఆఫీసరు ఒకసారి నవ్వుతూ అడిగాడు.

"లేదు సాబ్," అన్నాడు మామ, కుర్చీలోంచి లేవకుండానే.