మర్యాదస్తుల మిక్సింగ్ గ్రూపు

"గారు" అని పిలుస్తూనే మనిషిని ఎంత నీచంగా తిట్టవచ్చో నేను ఒక ఇంటర్నెట్ గ్రూపులో చూశాను. అది పెళ్లి వీడియోలు కత్తిరించి, పాటలు కలిపి మిక్సింగ్ చేసేవాళ్ల గ్రూపు. రెండు వైపుల తెలుగువాళ్లూ అందులో ఉండేవారు. తెలంగాణ కోసం రోజుకొక రోడ్డు బందవుతున్న కాలం. నేనూ నా పెనిమిటీ జనగామలో ఒక బట్టల దుకాణం పైగదిలో స్టూడియో నడిపేవాళ్లం. ఆయన మహబూబాబాద్ మనిషి, అంటే మా నోళ్లలో మానుకోట మనిషి. ఆయన కెమెరా పట్టేవాడు, నేను కంప్యూటర్ ముందు కూర్చుని మిక్సింగ్ చేసేదాన్ని.

గ్రూపులో ప్రతివాడూ తన మాట కింద స్టూడియో పేరు, ఫోన్ నంబరు, తన దగ్గర క్రేన్ కెమెరా ఉందన్న గొప్ప సంగతి రాసుకునేవాడు. నేను స్టూడియో పేరూ నంబరూ పెట్టి ఊరుకున్నాను. దాంతో నేను మగవాణ్ననే అందరూ అనుకున్నారు. "సోదరా" అనేవారు, "బ్రదర్" అనేవారు. నేనూ దిద్దలేదు. ఆడమనిషినని తెలిస్తే సాఫ్ట్‌వేర్ సంగతి పక్కన పెట్టి "భోజనం చేశారా మేడమ్" అని మొదలుపెడతారు. ఆ ముచ్చట నాకెందుకు?

ఆ గ్రూపుకు ఉన్నది ఒకే తగాదా. పాత సాఫ్ట్‌వేర్ గొప్పదా, కొత్త సాఫ్ట్‌వేర్ గొప్పదా. పాతదాంట్లో పని తొందరగా అవుతుంది, కొత్తదాంట్లో రంగులు బాగా వస్తాయి. ఇంతే సంగతి. దీని మీద పెళ్లాం పిల్లలున్న మగవాళ్లు పొద్దున లేచి ముఖం కడగకముందే కొట్లాటకు దిగేవారు. రెండు పక్షాల దగ్గర ఉన్నవీ హైదరాబాద్ కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న దొంగ సీడీలే. ఆ సాఫ్ట్‌వేర్‌లు తయారు చేసినవాళ్లకు వీళ్లు పైసా ఇచ్చిన పాపాన పోలేదు. కానీ వాటి పరువు కోసం ప్రాణం పెట్టేవారు.

పోనీ, ఆ కొట్లాటైనా నేరుగా కొట్లాడుకుంటారా? లేదు. "నమస్కారమండీ. తమరి అజ్ఞానం చూస్తే ముచ్చటేసింది." "మిత్రులు అన్యథా భావించకపోతే, మీరు మిక్సింగ్ మానేసి వేరే పని చూసుకోవడం పరిశ్రమకు మేలు." ప్రతి తిట్టు చివరా రెండు చేతులు జోడించిన గుర్తు. తిట్టుకు స్నానం చేయించి, పౌడరు రాసి, ఇస్త్రీ చొక్కా తొడిగి పంపేవారు. ఇదంతా చూసి మురిసిపోయే మనిషి ఆ గ్రూపు అడ్మిన్. హన్మకొండలో ఉండేవాడు, మా జిల్లావాడే. గ్రూపు నెత్తిన ఆయన పెట్టిన నియమాలు ఎప్పుడూ వేలాడుతుండేవి: అసభ్య పదం వాడరాదు, వ్యక్తిగత దూషణ కూడదు, భాష హుందాగా ఉండవలెను. హుందాగా ఉంటే చాలు, ఎవరి గొంతైనా కోసుకోవచ్చు.

ఉద్యమం ముదిరాక ఈ తగాదాకు కొత్త రెక్కలు వచ్చాయి. అవతలివైపు పెద్దమనిషి ఒకాయన, "విడిపోతే మీకు సాఫ్ట్‌వేర్ నేర్పేవారు కూడా ఉండరండీ, ఆలోచించుకోండి" అని రాశాడు. మావాడొకడు ఊరుకుంటాడా? "మీ పాత సాఫ్ట్‌వేర్ మీరే మూట కట్టుకొని పొండి సార్" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి పాతది ఆంధ్ర సాఫ్ట్‌వేర్, కొత్తది తెలంగాణ సాఫ్ట్‌వేర్. వాటిని చేసినవాడు ఏ దేశంలో ఉంటాడో, వాడికి జనగామ అనే ఊరున్నట్టు తెలుసో లేదో ఎవరికీ పట్టలేదు. నాకూ తెలంగాణ కావాలి. దానికోసం నడిరోడ్డు మీద బతుకమ్మ ఆడినదాన్ని, రాస్తారోకోలో కూర్చున్నదాన్ని. కానీ పాత సాఫ్ట్‌వేర్‌తో పని చేస్తున్నానని మావాళ్లే నన్ను ద్రోహి అంటుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తెలంగాణ కోసం అందరూ పని మానేసిన సమ్మె జోరుగా ఉన్న ఆ రోజుల్లోనే ఒక పూట భూపాలపల్లి నుంచి తల్లీ బిడ్డలు మా స్టూడియో మెట్లెక్కి వచ్చారు. బస్సులు లేవు. ఆటో మీద ఆటో మారుతూ వచ్చారు. బిడ్డ పెళ్లి వీడియో మేమే తీశాం, డీవీడీ కూడా ఎప్పుడో ఇచ్చేశాం. ఆమె తండ్రి బొగ్గుబావిలో పని చేసేవాడు. సమ్మెలో ఇంటిపట్టున ఉన్న మనిషి ఒక పొద్దున చాయ తాగుతూ తాగుతూ పక్కకు ఒరిగిపోయాడట. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది.

తల్లి బల్ల మీద కూర్చుని, నీళ్లు తాగి, నేరుగా అడిగింది.

"బిడ్డా, ఫోటోలున్నయి మా దగ్గర. ఫోటోలల్ల ఉన్నది ఆయన కాదు. నోరు మూసుకొని ఎన్నడన్న కూసున్నడా ఆయన? గా డీవీడీల చూస్తే అంత పాటలే. ఒక్కసారి ఆయన మాట ఇనిపియ్యి నాకు."

మా మిక్సింగ్‌వాళ్లందరిదీ ఒకటే పద్ధతి. కెమెరాలో పడిన అసలు మాటలన్నీ తీసేసి, మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలు పరుస్తాం. డీవీడీ ఇచ్చాక కంప్యూటర్‌లో ఉన్నదంతా చెరిపేసి తర్వాతి పెళ్లికి జాగా చేసుకుంటాం. టేపుల మీద మళ్లీ వేరేది తీస్తాం. వీళ్ల పెళ్లిలో అప్పగింతల టేపు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుండగా కరెంటు పోయింది. సగంలో ఆగిన ఫైలు మళ్లీ తెరుచుకోలేదు. సరే, ఇంకోసారి ఎక్కిద్దామనుకునేలోపు నా పెనిమిటి ఆ టేపే పట్టుకుపోయి, మానుకోటలో రోడ్డు మీద ఉద్యమం వంటావార్పు జరుగుతుంటే అదంతా దాని మీదే షూట్ చేసి తెచ్చాడు. అప్పగింతల చోట ఫోటోలు పెట్టి, పాట వేసి ఇచ్చేశాం. ఎవరూ ఏమీ అడగలేదు.

ఇక మిగిలింది ఆ తెరుచుకోని ఫైలు ఒక్కటే. అది పనికిరాదని చెరపడం కూడా మరిచిపోయాం, ఓ మూల పడి ఉంది. పాత సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూశాను, పాడైందని చెప్పింది. కొత్తదాంట్లోనూ అదే మాట. నా పెనిమిటి వైపు చూశాను.

"ఎట్లనయ్యా ఇప్పుడు?"

"నీ గ్రూపుల అడుగరాదే. అంతమంది పండితులున్నరంటివి గదా."

అడిగాను. ఇంటర్నెట్ డాంగిల్ పెట్టి, ఉన్నది ఉన్నట్టు, మాట్లాడినట్టే రాశాను: "అన్నలూ, జర సాయం చెయ్యుర్రి. ఎక్కిస్తుంటే నడుమ కరెంటు పోయింది. ఫైలు తెరుచుకుంట లేదు. అండ్ల చనిపోయిన మనిషి మాట ఉన్నది. ఆయన భార్య నా ముంగటనే కూసున్నది. ఎట్ల తియ్యాలె?"

మొదటి జవాబు వెంటనే వచ్చింది. "సోదరా, చింతిస్తున్నాము. పాత సాఫ్ట్‌వేర్ సక్రమంగా వాడి ఉంటే మీకీ దుస్థితి రాకపోవును." దాని కింద ఇంకొకడు, "పాతది వాడే వీరికీ గతి పట్టిందేమో, విజ్ఞులు ఆలోచించాలి." మూడోవాడు, "కరెంటు పోయింది మీ సమ్మె మూలానే కదండీ, మరి మమ్మల్ని అడుగుతారేం?" దానికి మావాడొకడు, "మా బొగ్గుతో మీ ఇండ్లల్ల దీపాలు వెలుగుతున్నయి, మరువకండి గురువుగారూ." ఇక చూడాలి తిరునాళ్ల. బొగ్గు ఎవరిది, నీళ్లు ఎవరివి, హైదరాబాద్ ఎవరు కట్టారు! నడుమ అడ్మిన్ గారు వేంచేశారు. నా ఫైలు గురించి చెబుతాడేమోనని ఆశగా చదివాను. "ప్రశ్న అడిగే మిత్రులు కాస్త శుద్ధమైన భాష వాడితే గ్రూపు గౌరవం నిలుస్తుంది" అని రాశాడు. థూ! చచ్చినవాడి పెళ్లాం ఎదురుగా కూర్చుంటే నా భాషకు గంజి పెట్టి ఇస్త్రీ చేయాలట. మా జిల్లాలో పుట్టి, మా నీళ్లు తాగి, మా మాట వాడికి మురికిగా కనిపించింది.

"ఏమంటున్నరు బిడ్డా?" అని తల్లి అడిగింది. ఆమె కళ్లు తెర మీదే ఉన్నాయి. ఆమెకు చదువు రాదు.

"చెప్తున్నరవ్వా, జర ఆగు" అన్నాను.

అప్పుడొచ్చింది ఒక జవాబు. ఏలూరు వైపు మనిషిది. రాష్ట్రం విడిపోకూడదని ఆ గ్రూపులో అందరికంటే గట్టిగా అరిచేది అతనే. అతనితో నాకు పడేదే కాదు. "ఛీ, మనుషులేనా మీరు? ఆవిడ మొగుడి గొంతు కావాలని వచ్చి కూర్చుంటే మీ బోడి సాఫ్ట్‌వేర్‌ల గోలేంట్రా దున్నపోతుల్లారా! ఒరేయ్ జనగామ స్టూడియో, వీళ్లను వదిలెయ్. ఆ ఫైలుకేం కాలేదు. నే చెప్పినట్టు చెయ్యి. ముందుగా..." అంతవరకే చదివాను. కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, కంప్యూటర్ టప్పున ఆరిపోయింది.

నా పెనిమిటి కింది హోటల్ నుంచి తల్లీ బిడ్డలకు అన్నం తెచ్చాడు. బిడ్డ తిన్నది, తల్లి కెలికి వదిలేసింది. కరెంటు తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. ఆత్రంగా గ్రూపు తెరిచాను. నా ప్రశ్న లేదు, దాని కింద జవాబులు లేవు. ఆ జాగాలో అడ్మిన్ ప్రకటన ఉంది: "హుందాతనం లోపించిన చర్చను తొలగించడమైనది. దూషణకు పాల్పడిన సభ్యుని బహిష్కరించడమైనది. సహకరించిన మిత్రులకు ధన్యవాదములు." కింద వరసగా చేతులు జోడించిన గుర్తులు. "మంచి నిర్ణయం." "గ్రూపు విలువలు కాపాడారు." పొద్దుటి నుంచి ఒకరినొకరు మర్యాదగా పొడుచుకున్నవాళ్లంతా అక్కడ చేరి ఒకరికొకరు దండాలు పెట్టుకుంటున్నారు.

నాకు ఒళ్లంతా మండింది. అడ్మిన్‌కు రాశాను, "సార్, తిట్టు తీసేస్తే తీసేయుర్రి, ఆయన చెప్పిన ఉపాయం ఒక్కటి నాకు పంపుర్రి, దండం పెడుత" అని. జవాబు ఇచ్చాడు మహానుభావుడు. "మీ ఆవేదన అర్థం చేసుకోగలను. కానీ నియమం నియమమే." నేను ఆ మాట నా పెనిమిటికి చదివి వినిపిస్తే ఆయన నోటి నుంచి వచ్చింది ఇక్కడ రాయలేను.

తల్లి లేచి నిలబడి కొంగు సర్దుకుంది. "పోనీ బిడ్డా. లేదంటే లేకపాయె. చీకటి పడకముందుకే ఆటో దొరకబట్టుకోవాలె" అంది. అప్పుడే ఫోన్ మోగింది.

"ఏవయ్యా జనగామా, పనయిందా లేదా?"

"ఎవరు?"

"దున్నపోతులు అన్నానే, వాణ్ని. కింద నీ నంబరుంటే రాసి పెట్టుకున్నా. చేశావా నే చెప్పింది?"

"తీసేసిండ్రన్నా. మిమ్ముల గూడ తీసేసిండ్రు."

"ఆడ మనిషివా?" అన్నాడు.

"అవు."

"అయితే ఏం, కంప్యూటర్‌కి తెలుస్తుందా? కూర్చో ముందు."

కూర్చున్నాను. అతను చెప్పింది చాలా చిన్న విషయం. సరుకంతా ఫైలులోనే ఉంటుందట. ఏది ఎక్కడుందో చెప్పే పట్టీ మాత్రం చిట్టచివర తయారవుతుందట. నడుమ కరెంటు పోయింది కాబట్టి ఆ పట్టీ లేదు, అందుకే తెరుచుకోవడం లేదు. దాన్ని మళ్లీ కట్టే చిన్న ప్రోగ్రాం ఒకటి ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతుంది. పాత సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, కొత్తదీ అక్కర్లేదు. ఈ ముక్క చెప్పడానికి ఆ గ్రూపులో అంతమందిలో ఒక్కడికీ నోరు రాలేదు. అతను చెబుతున్నంతసేపూ తిడుతూనే ఉన్నాడు. నా డాంగిల్‌ను తిట్టాడు, నా కంప్యూటర్‌ను తిట్టాడు, "అక్కడ కాదు, కింద, కింద నొక్కవే తల్లీ, కళ్లు కనిపించట్లేదా" అని నన్నూ తిట్టాడు. "మీ తెలంగాణ రాదు, రాసి పెట్టుకో" అని కూడా అన్నాడు. "వస్తది, మీరే చూస్తరు" అన్నాను. "సరేలే, ముందు ఫైలు రానీ" అన్నాడు. ఫైలులో మాట వినిపించిందని నేను చెప్పేదాకా ఫోన్ పెట్టేయలేదు.

ఫైలు తెరుచుకుంది. అప్పగింతలు. బిడ్డ తలవంచుకుని ఏడుస్తోంది, చుట్టూ ఆడవాళ్లు ఏడుస్తున్నారు. తెల్లచొక్కా తొడుక్కున్న తండ్రి బిడ్డ చెయ్యి పట్టుకుని ఉన్నాడు. ఏదో చెప్పబోయాడు, చెప్పలేకపోయాడు. కళ్లు తుడుచుకుని, ఉన్నట్టుండి సూటిగా కెమెరా వైపు తిరిగాడు.

"ఓ ఫోటో అన్నా! గా లైటు అవుతలికి తియ్యి, పొల్ల కండ్లల్లనే కొడ్తున్నవ్. నీ యవ్వ, నిమ్మళంగ ఏడ్వనియ్యవా మమ్ముల?"

తిట్టు తిన్న ఫోటో అన్న నా వెనకే నిలబడి ఉన్నాడు. తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. బహుశా ఆమెకూ తెలియదు.

బిడ్డ కళ్లు తుడుచుకుని నా భుజం తట్టింది.

"అక్కా, ఇది డీవీడీల పెట్టి ఇయ్యి. కాని గా ఒక్క తిట్టు తీసెయ్యి. మా అత్తగారోళ్లు చూస్తరు, మంచిగుండది."

నేను ఆ మాట దగ్గరికి పోయి, తీసేద్దామని మౌస్ పట్టుకున్నాను. తల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది.

"తియ్యకు బిడ్డా. తిట్టుకుంటనే కడుపుల పెట్టుకొని సాదిండు మమ్ముల. ఉండనియ్యి."